అత్తగారి మైళ్ళు

అత్తగారి విమానం మైళ్ళు కొట్టెయ్యాలన్న దురాలోచన అల్లుడికి భార్య నోటి మాట వల్లే పుట్టింది.

"మా అమ్మకి ఆ విమానాల కంపెనీవాళ్ళు జీవితకాలపు బంగారు కార్డు ఇచ్చారండీ. బోలెడు మైళ్ళున్నాయట. ఏం చేసుకోవాలో తెలీక అలా పడేసింది," అందామె అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ.

అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

అతని ఉద్యోగం నీటి పంపులు అమ్మడం. జీవితాశయం మాత్రం విమానమెక్కినప్పుడల్లా కంపెనీవాళ్ళు ఖాతాలో వేసే మైళ్ళు పోగేసి, వాటితో ఊరికే టికెట్లు తియ్యడం. "నాలుగు కంపెనీల కార్డులు జేబులో వేసుకు తిరిగేవాడంత వెర్రివాడు లేడు. ఒక్కదాన్నే పట్టుకు వేలాడాలి. కూడబెట్టినవి టైముకి వాడెయ్యాలి, లేకపోతే మురిగిపోతాయి" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాఠం చెప్పేవాడు. ఆ మైళ్ళ కోసం గంటలో చేరే ఊరికి ఇంకో ఊరి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. పెళ్ళిరోజు వచ్చిందంటే ఏదో ఒక ఎయిర్‌పోర్టులో కునికిపాట్లు పడుతూ ఉండేవాడు.

ఇంటికొచ్చాక భార్య మూతి ముడుచుకుంటే, "ఇవన్నీ ఎవరికోసమే? నిన్ను ముందు క్లాసులో కాళ్ళు చాపుకుని కూర్చోబెట్టి సముద్రం మధ్య దీవికి తీసుకెళ్ళడానికి కాదూ!" అనేవాడు. పిచ్చిది నమ్మేది. ఆ దీవి ఫొటో ఒకటి సంపాదించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది కూడా.

తీరా వెళ్ళే వేళకి అతను భార్యని కాదని చిన్ననాటి స్నేహితుడికి మాటిచ్చాడు. దీవిలో ఇద్దరూ కూర్చుని హాయిగా చేపలు పట్టాలని పథకం. కొత్త గాలం కర్ర కొని బీరువా వెనక దాచాడు. ఇంట్లో "కంపెనీ కాన్ఫరెన్సు" అని చెప్పాడు. మనసులో కాస్త గుచ్చుకున్నా, వచ్చే ఏడు పెళ్ళాన్ని తీసుకెళ్దాంలే అని సర్దిచెప్పుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. అతని మైళ్ళు వెనక సీట్లు రెంటికి సరిపోతాయి గానీ ముందు సీట్లకి చాలవు. అంతదూరం మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని వెళ్ళడమా? అందులోనూ జీవితకాలపు కార్డంటే మాటలు కాదు. ఏళ్ళ తరబడి గాల్లో తిరిగితేగాని ఇవ్వరు. అంటే ఆవిడ దగ్గర మైళ్ళు గుట్టలుగా పడి ఉండాలి. అంత అనుభవం ఉన్నవాడు కాబట్టే అతనికి ఆ సంగతి ఇట్టే తట్టింది.

మర్నాడే అత్తగారింట్లో వాలాడు.

"అత్తయ్యగారూ, మనింట్లోవాళ్ళ మైళ్ళన్నీ ఒకే కుటుంబ ఖాతాలో కలిపేద్దాం. దానికి మీరే పెద్ద."

"ఈ వయసులో నాకెందుకు బాబూ పెద్దరికం?"

"మీరుండగా నేను పెద్దనవుతానా!" అన్నాడు వినయం ఒలకబోస్తూ. బంగారు కార్డున్నవాళ్ళే పెద్దగా ఉండాలనీ, పెద్ద మాత్రమే టికెట్లు తియ్యగలరనీ కంపెనీ పెట్టిన నియమం సంగతి ఎత్తలేదు.

ఆవిడ బ్యాంకులో ఆడిట్ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆవిడ విమానం దిగిందని తెలిస్తే బ్రాంచీ మేనేజర్లకి చెమటలు పట్టేవట. ఇప్పుడు ఫోనులో అక్షరాలు పెద్దవి చెయ్యాలన్నా అల్లుణ్ణే పిలుస్తుంది.

"కళ్ళజోడు పెట్టుకున్నా ఆ చీమల బారు నాకు కనబడి చావదు. పాస్‌వర్డ్ కూడా మీరే పెట్టెయ్యండి బాబూ," అని ఫోను అతని చేతికిచ్చేసింది.

అతనికి కావలసిందీ అదే. ఆవిడకి అనుమానం రాకుండా ముందు తన మైళ్ళన్నీ ఊడ్చి ఖాతాలో పోశాడు. ఆవిడవి ఎన్నున్నా ఒకటో తారీఖున కలుస్తాయనీ, అప్పటిదాకా కనబడవనీ తెర మీద వచ్చింది.

"ముందు మీవే వేశారా! ఎంత మంచి మనసు బాబూ మీది," అంది ఆవిడ కళ్ళొత్తుకుంటూ.

ఒకటో తారీఖున ఆఫీసులో కూర్చుని ఖాతా తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పంది. పంపు బేరం మధ్యలో వదిలేసి టాక్సీలో అత్తగారింటికి పరిగెత్తాడు.

గుమ్మం దగ్గర పెట్టె సర్ది ఉంది. ఆవిడ కళ్ళజోడైనా లేకుండా, రెండు బొటనవేళ్ళతో ఫోను మీద టకటకా కొడుతోంది.

"అత్తయ్యగారూ, పాస్‌వర్డ్ మార్చారా?"

"మార్చాను బాబూ. పక్కవాడికి తెలిసిన పాస్‌వర్డ్ ఒక్కపూట కూడా ఉంచొద్దని బ్రాంచీల్లో ఎంతమందికి చెప్పానో!"

"మరి మైళ్ళు?"

"టికెట్లు తీసేశాను. దీవికి. ఉన్నవాటితో వెనక సీట్లే వచ్చాయి గానీ, నా బంగారు కార్డు చూసి ముందుకి మార్చారు. మర్యాద తెలిసినవాళ్ళు."

"అవి నా మైళ్ళండీ!" అతనికి ఏడుపొక్కటే తక్కువ. "మీవేమయ్యాయి?"

"నావెక్కడివి? జీవితకాలం కార్డుకే గానీ మైళ్ళకి కాదు కదా. వాడకపోతే మురిగిపోతాయని మీరే ఊరంతా చెబుతారాయె. రిటైరయ్యాక నావీ అలాగే పోయాయి."

అతను సోఫాలో కూలబడ్డాడు. చుట్టూ తిరిగి ఎక్కిన విమానాలన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి.

"మరి మీకు బోలెడున్నాయని..."

"అలాగని ఎవరు చెప్పారు బాబూ?"

"మీ అమ్మాయే..." అంటూ అతను సోఫాలోంచి లేచాడు.

"పదమ్మా, కాన్ఫరెన్సుకి టైమైపోతోంది," అంటూ లోపలి గదిలోంచి అతని భార్య, ఒక చేత్తో పెట్టె దొర్లించుకుంటూ, రెండో చేత్తో కొత్త గాలం కర్ర పట్టుకుని బయటికొచ్చింది.