పచ్చ పోగు

“మావోని ఫొటో వచ్చిందా పిల్లా?” వజ్రమ్మ గడపలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

“వచ్చింది అత్తమ్మా. జర ఆగుండ్రి, సాఫ్ జేస్తున్న.”

నవత కంప్యూటర్ తెరను గడపకు కనబడకుండా తనవైపు తిప్పుకుంది. ఒళ్లో ఎనిమిది నెలల కోమలి మౌస్ తీగ పట్టుకొని గుంజుతోంది. తెర మీద భర్త లక్ష్మీకాంత్ నవ్వుతున్నాడు. ఫొటో కోసం ఒక్క నిమిషం మాస్కు తీసి నవ్విన నవ్వు అది. వెనక ఆక్సిజన్ సిలిండర్. పక్క మంచం మీద ఎవరివో పాదాలు.

ఊరికి దూరంగా కిమ్‌లో మిల్లు సేటు అంటురోగం భయంతో పనివాళ్లను లోపలే ఉంచి మగ్గాలు నడిపిస్తున్నాడని నవత వజ్రమ్మకు అబద్ధం చెప్పి ఐదు రోజులైంది. రెండేళ్ల కిందటే ఆమె గుండెకు స్టెంటు వేశారు. “దవాఖాన మాట అమ్మ చెవిన పడొద్దు,” అని, ఊళ్లోని దవాఖానలో చేరేటప్పుడు దగ్గుతూనే నవతతో ఒట్టు వేయించుకున్నాడు లక్ష్మీకాంత్. ఆమెకేమో రోజూ కొడుకు మొహం చూడాలి.

వజ్రమ్మ పొద్దున్నే దారాలు కత్తిరించిన చీరల మూట, మిర్యాల గంజి డబ్బా పట్టుకొని చీరల సేటు ఇంటికి పోతుంది. పన్ను నొప్పి, గట్టిది నమలలేనంటుంది. మధ్యాహ్నం దాకా రాదు. ఆలోపే నవత ఫొటో సిద్ధం చేసేది. ఈరోజు ఫొటోనే ఆలస్యమైంది.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నవతకు చీరల క్యాటలాగు ఆఫీసులో నేర్చుకున్న పిక్సెల్ స్ట్రెచ్ ఒక్కటే ఇప్పుడు దిక్కు. భర్త భుజం దగ్గర, వెంట్రుకంత వెడల్పున, నిలువుగా ఒక రంగుల వరుసను ఎంచుకుంది. దాన్ని కొత్త పొర మీదికి ఎత్తి, అంచు పట్టుకొని పక్కకు లాగింది. రంగులు పడుగు పోగుల్లా బారుగా సాగాయి. సిలిండర్ మునిగింది. పాదాలు ఇంకా సగం కనబడుతున్నాయి. కోమలి తీగ గుంజింది. తెర బిగుసుకుపోయింది.

“ఇంకెంత సేపు?” వజ్రమ్మ సర్వపిండి ముక్క పటుక్కున కొరుకుతూ వెనకే వచ్చి నిలబడింది.

నవత భుజం అడ్డం పెట్టింది. తెర కదిలింది. చివరిసారి లాగింది. పాదాలూ పోయాయి.

“ఓయమ్మ! సగం మనిషి, సగం చీర. మావోన్ని గిట్లనే సేటుకు అమ్ముదామా?”

“గిప్పుడు గిదే ఫ్యాషన్ అత్తమ్మా.”

వజ్రమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని వంగింది. ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన కళ్లు అవి. నాలుగడుగుల దూరంనుంచే తెగిన పోగును పట్టేస్తాయి. ఆమె వేలు తెర మీద మెల్లగా దిగి, అడుగున ఆగింది.

“గీ పచ్చ పోగు యాడిది? మావోని అంగీ నీలంది గద.”

మంచం మీది దుప్పటి రంగు. వరుస ఎంచుకునేటప్పుడు అంగీ కింద కాస్త దుప్పటి కూడా వచ్చేసింది.

“మిల్లుల బట్ట గావొచ్చు అత్తమ్మా.”

“మిల్లుల కోరా బట్ట నేస్తరు. రంగు డైయింగ్‌ల గద పడేది? మగ్గాల కాడ పచ్చ బట్ట ఎట్లొస్తదే?”

నేతింటి కోడలై ఆ మాట ఎలా అన్నదో నవతకే తెలియలేదు. “అ... ఆయన లుంగీ. ఎనుక ఆరేసిండు.”

“ఐదు దినాలసంది రోజూ గదే లుంగీనా?”

స్టెంటు, ఒట్టు, గుండెపోటు నాడు నీలబడ్డ అత్త పెదవులు, అన్నీ ఒక్కసారే నవత కళ్ల ముందు తిరిగాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎంత సేపటికి వస్తుందో లెక్క వేసుకుంది.

“అత్తమ్మా, మీరు కూసోండ్రి ముందు. మంచినీళ్లిస్త.”

“నాకెందుకే నీళ్లు? పాలిచ్చే తల్లివి. పొద్దటిసంది ఏమన్న తిన్నవా?”

వజ్రమ్మ కోమలిని ఎత్తుకుని భుజాన వేసుకుంది. రెండో చేత్తో సంచిలోంచి ఖాళీ గంజి డబ్బా తీసి నవత ముందు పెట్టింది.

“రేపటి గంజిల మిర్యం తక్కువెయ్యి బిడ్డా, మావోని గొంతు మండుతుందట.”