బెంచీలు వేయవలసిన చోట్లు

చర్ల మండలానికి అన్ని వయసులవారి కోసం ప్రణాళిక రాస్తున్న మేధావిని నేనే. పిల్లలకు పార్కు, యువతకు ఉపాధి, అరవై దాటినవారికి దారిపొడవునా బెంచీలు.

సర్వే కోసం ఈరోజు డెబ్బై ఏళ్ల జంపక్క వెంట అడవి నుంచి నడిచాను. నెత్తిమీది తునికాకు మోపును ఆమె ఆకు కొనే కల్లంలో దించగానే ఫారం తీశాను.

"అవ్వా, బెంచీలు ఎక్కడెక్కడ కావాలి?"

ఆమె తడుముకోలేదు. "మద్దిచెట్టు కాడ ఒకటి, వాగు దాటినంక ఒకటి, బోరింగు కాడ ఒకటి ఎయ్యి సారూ."

ప్రజాభిప్రాయమంటే ఇదీ అని మురిసిపోతూ రాసుకున్నాను.

"అక్కడే ఎందుకవ్వా? కాళ్ల నొప్పులా?"

"నాకేంది నొప్పి? పొద్దుగాల్నుంచి నువ్వు కూలబడ్డ జాగలే చెప్పిన."

లబ్ధిదారు గడిలో నా పేరే రాశాను. వయసు, ముప్పై తొమ్మిది.