ఆరు పచ్చ గళ్లు

"ఈ వారం ఎట్లున్నది చెల్లె?"

వినోద కౌంటర్ దగ్గరికి వస్తూనే అడిగింది. చంకలో రెండున్నరేళ్ల పిల్ల. కావ్య అప్పటికే ఆమె భర్త పేరు వెతుకుతోంది. ప్రతి శనివారం పదకొండు గంటలకు హనుమకొండలోని ఆ లేబర్ ఏజెన్సీ మెట్లెక్కేది వినోద ఒక్కతే.

"ఆరు రోజులకు ఆరు రోజులు పోయిండక్కా. గురువారం రెండు గంటలు ఓటీ గూడ ఉన్నది."

కావ్య మానిటర్‌ను ఇటు తిప్పింది. శేఖర్ పేరు ఎదురుగా ఆరు పచ్చ గళ్లు. మడికొండలో ఒక కంపెనీ గోదాముకు ఈ ఏజెన్సీ మనుషుల్ని పంపుతుంది. గేటు దగ్గర ఎవరు కార్డు గీశారో, ఎన్ని గంటలు పని చేశారో అంతా కంపెనీ పోర్టల్‌లో పడుతుంది. ఆ గంటలు చూసి ఓకే కొట్టడం కావ్య పని. చేరి రెండు నెలలే అయింది.

పిల్ల మానిటర్ మీద వేలు పెట్టి, "బాపు" అంది.

"ఆఁ, బాపే" అంది వినోద.

కావ్యకు మనసు ఆగలేదు. "ఫోనన్న చేస్తడా అక్కా?"

"లేదు."

"ఇంటికి?"

వినోద తల అడ్డంగా ఊపి, పిల్ల గౌను సర్దింది.

"ఇదేం మనిషక్కా! బిడ్డకు బాపును కంప్యూటర్ల చూపించవడితివి."

"ఆయన్ను ఏమనకు చెల్లె. మంచోడు." వినోద పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "ఇంట్ల నేను, ఇది. ఇంకెవ్వరున్నరు మాట్లాడనీకి? ఈ గళ్లు చూసి పోతే మళ్ల శనివారం దాక ఎట్లనో ఎల్తది."

ఆమె మెట్లు దిగేదాకా కావ్య చూస్తూ ఉండిపోయింది. కావ్య అయిదో తరగతిలో ఉండగా తండ్రి ఇల్లు విడిచిపోయాడు. రఘునాథపల్లి బస్టాండులో తల్లి కనిపించిన వాళ్లనల్లా ఆయన గురించి అడగడం ఇంకా గుర్తుంది. ఆ సాయంత్రమే కావ్య ఏజెన్సీ నడిపే ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లింది.

"సార్, శేఖర్ ఫోన్ నంబర్ ఇయ్యుండ్రి."

"ఎందుకు?"

"ఆయన భార్య వచ్చి పోతాంది సార్. పాపమనిపిస్తాంది."

ఓంప్రకాశ్ తలెత్తలేదు. "పాత పేర్ల జోలికి పోకమ్మా. గంటలు ఓకే కొట్టు, చాలు."

మంగళవారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం నుంచి గేటు దగ్గర కార్డులుండవు, మొహమే స్కాన్ చేస్తారు. శనివారంలోగా ఒక్కొక్కరినీ ఆఫీసుకు పిలిచి, ఫోటో తీసి పోర్టల్‌లో ఎక్కించాలి. ఫోటో లేని పేరు తీసేస్తారు.

కావ్య చదివిన వెంటనే వినోదకు ఫోన్ చేసింది.

"అక్కా, దొరికిండు! శనివారం ఫోటోకు రావాల్సిందే. నువ్వు పదింటికే వచ్చి కూసో."

వినోద అడిగింది వేరే మాట.

"ఫోటో లేకపోతే ఏమైతది చెల్లె?"

"పేరు తీసేస్తరు."

"మొత్తానికే?"

"మొత్తానికే. గందుకే వస్తడు, ఎందుకు రాడు?"

"ఆ ఒక్క పేరు ఉంచరాదా చెల్లె? నీ కాళ్లు మొక్కుత."

"అదేందక్కా, భయపడ్తానవా? నేనుంట గదా, జర ధైర్యం చెయ్యి. నలుగురి ముందట నిలబెట్టి నేనే అడుగుత."

శనివారం ఓంప్రకాశ్ హైదరాబాద్ పోయాడు. గోదాము నుంచి వచ్చిన వాళ్లు మెట్ల కింది దాకా వరుస కట్టారు.

"మంచిగ తియ్యి మేడం" అన్నాడొకడు. "ఈ ఫోటోతోనే పిల్లను చూడాలె."

"ఈ మొహానికి గేటే తెరుసుకోదు, పిల్ల ఏడ దొరుకుతది!" అన్నాడు వెనకవాడు.

అందరూ నవ్వారు. వినోద నవ్వలేదు. గోడ పక్క బెంచీ మీద పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాదేమోననుకుంది కావ్య, కానీ వచ్చింది. "ఒక్కసారి చూసి పోత" అంది, అంతే.

వరుస తరిగింది. కావ్య గొంతు పెంచి పిలిచింది.

"శేఖర్!"

ఎవరూ పలకలేదు.

"శేఖర్ ఎవరు? రావాలె ముందుకు!"

చివర్న గోడకానుకుని ఉన్న మనిషి సగం చెయ్యెత్తాడు. పిల్ల అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ బిస్కెట్ తినడంలో పడింది.

"నువ్వు శేఖర్‌వా?"

"నా పేరు రయీస్, మేడం."

"మరి చెయ్యెందుకెత్తినవ్?"

"పది నెలల సంది ఆ కార్డు మీద నేనే పోతాన. సారే ఇచ్చిండు. పేరు తీసేస్తే ఆ జాగ పోర్టల్ల ఖాళీ అని పడ్తదట, వేరే ఏజెన్సోళ్లు గుంజుకుంటరట."

కావ్యకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలలుగా తను ఓకే కొట్టినవన్నీ ఈ మనిషి గంటలు. బెంచీ వైపు తిరిగింది.

"విన్నవా అక్కా? నీ మొగడు డ్యూటీకే పోతలేడు!"

వినోద చూపు మానిటర్ మీది నుంచి కదల్లేదు.

"ఎరుకే చెల్లె."

"ఎరుకా? ఎరికుండి వారం వారం ఎందుకొచ్చినవ్?"

వినోద పిల్ల తలను గుండెకు హత్తుకుంది.

కావ్య రయీస్ మీదికి తిరిగింది. "నువ్వన్న చెప్పు. పెండ్లాం బిడ్డను ఇట్ల ఇడిసిపెట్టి ఏడ తిరుగుతాండు ఆ మనిషి?"

వరుసలో మిగిలిన వాళ్లంతా నేల చూపులు చూశారు. రయీస్ నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"శేఖరన్న సంవత్సరీకం మొన్ననే అయింది, మేడం."