పావుగంట కరెంటు

రెజిమెంటల్ బజార్‌లో ఆర్థర్ ఇంటి ముందు పోలీసు జమేదారు తుకారాం సైకిలు ఆగగానే, లోపలున్న నలుగురు రోగులకూ ఒక్కసారిగా జబ్బు ముదిరింది.

బియ్యం వ్యాపారి పర్వతాలు చేతులు ముందుకు చాచి తడుముకుంటూ లేచాడు. గోడకు గుద్దుకున్నాడు. దారిలో ఉన్న టీ కప్పును మాత్రం తగలకుండా చక్కగా దాటుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

అది నలభై ఎనిమిది సెప్టెంబరు. సంస్థానం మీదికి యూనియన్ సైన్యం బయల్దేరిందని ఊరందరికీ తెలుసు. ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ తెలియదు. అంత గందరగోళంలోనూ తుకారాం, బయటి వార్తలు ఊళ్ళోకి రానివ్వకూడదన్న తన డ్యూటీ తాను చేసుకుపోతున్నాడు. ఆ వారంలోనే చిలకలగూడలో మూడు రేడియోలు, అల్వాల్‌లో ఒక పావురాల గూడు, ఎవరింట్లోనో పెళ్ళి బాకా పట్టుకుపోయాడు. బాకా ఎందుకో ఆయనకే తెలియాలి.

ఇప్పుడు ఆయన చూపు ఆర్థర్ కరెంటు పెట్టె మీద పడింది.

ఆర్థర్ మిలిటరీలో పదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. వాకిట్లో బోర్డు వేలాడుతోంది: ‘కంటి నరాలకు కరెంటు వైద్యం. సాయంత్రం ఆరున్నరకు. పావుగంట మాత్రమే.’ ఆ పెట్టె పట్టుబడితే దాని వెనకాలే ఆర్థర్ కూడా జైలుకు పోతాడు. ఆయన భార్య సలోమి అప్పుడే లోలోపల ప్రార్థన మొదలుపెట్టేసింది.

“ఏందీ డాక్టర్ సాబ్, కండ్లకు కరెంట్ పెడ్తున్నవట? మనుషుల్ని సంపుతవా ఏంది?” అన్నాడు తుకారాం.

“చాలా సన్నటి కరెంటండీ,” అన్నాడు ఆర్థర్. “కంటి వెనక నరం ఎండిపోతే చూపు రోజురోజుకీ తగ్గిపోతుంది. రోజూ కాస్త కరెంటు తగిలిస్తే నరం మళ్ళీ మేలుకుంటుంది. చీమ కుట్టినంత కూడా ఉండదు.”

తుకారాం పెట్టె చుట్టూ తిరిగాడు. కింద లారీ బ్యాటరీ. పెట్టెలోంచి నాలుగు తీగలు, ఒక్కో తీగ చివర ఇనుప పట్టీ, పట్టీకి రెండు నల్ల బిళ్ళలు. ఇంకో తీగ కిటికీలోంచి బయటికి వెళ్ళి, ఇంటి మీది వెదురు గడకు ఎక్కింది.

“బిళ్ళలు చెవుల మీద పెట్టుడేంది? కండ్లు ఈడ లేవా?”

“కళ్ళ మీద పెడితే పేలిపోతాయండీ. నరం చెవి సందున దొరుకుతుంది.”

“మీద ఆ గడ?”

“ఎక్కువైన కరెంటు ఆకాశంలోకి పోవాలి కదండీ.”

తుకారాం మీసం కొద్దిగా కదిలింది. పర్వతాలు వైపు తిరిగాడు.

“అరె పర్వతాలు, మొన్న గల్లీ చివర్ల నన్ను జూసి దుకాణం బంద్ జేసినవ్ గదా? ఇయ్యాల గుడ్డోనివెట్లయినవ్?”

“గదే బీమారీ సాబ్. దూరం మంచిగనే కనబడ్తది. దగ్గరకొచ్చినంక కనబడదు.”

తరువాత రిటైర్డు మాస్టారు జీవరాజు వంతు. తుకారాం ఆయన ముక్కు ముందు రెండు వేళ్ళు పెట్టాడు.

“ఎన్ని?”

జీవరాజు తొంభై ఏళ్ళ ముసలాడిలా తల వణికించాడు. “మూడండీ.”

“చూశారా!” అన్నాడు ఆర్థర్ వెంటనే. “నిన్నటిదాకా ఐదనేవారు. బాగా గుణం కనిపిస్తోంది.”

గోడ గడియారం ఆరున్నర కొట్టింది. ఆర్థర్ పెట్టె జోలికి పోలేదు.

“షురూ చెయ్యి. నేను సూస్త,” అన్నాడు తుకారాం, కుర్చీ లాక్కుని.

తప్పలేదు. సలోమి నలుగురి కళ్ళకూ తడిగుడ్డలు కట్టి, పట్టీలు బిగించింది. ఆర్థర్ మీట తిప్పాడు. వైద్యం మొదలైంది.

జీవరాజు తల వణకడం ఆగిపోయింది. పక్కింటి విమలమ్మ కళ్ళ గుడ్డ ఇంకా తడిసింది, ఈసారి కన్నీళ్ళతో. కాసేపటికి పర్వతాలు తొడ చరిచి, “గట్ల గావాలె!” అని అరిచి నాలుక కరుచుకున్నాడు.

“నరం లేచిందండీ,” అన్నాడు ఆర్థర్.

తుకారాం లేచాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“లెవ్వు పర్వతాలు. నాకు పెట్టున్రి.”

“మీకెందుకండీ!” ఆర్థర్ అడ్డం వచ్చాడు. “మీవి గద్ద కళ్ళు.”

“యాడి గద్ద కండ్లు? నెల సంది మస్తు పరేషాన్ల ఉన్న. ముంగట ఏం గనబడ్తలేదు. జెర బిగించమ్మా.”

సలోమి కడుతుంటే గుడ్డ మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి ఎలాగో కట్టింది. పట్టీ బిగించింది. ఇక అయిపోయిందనుకుంది.

తుకారాం కదల్లేదు. ఒకసారి కనుబొమలు పైకి లేచాయి. ఒకసారి “అరె!” అన్నాడు. పారిపోదామంటే పర్వతాలుకు గుమ్మం కనిపిస్తూనే ఉంది గానీ, గుడ్డివాడు పరుగెత్తితే బాగుండదు. సలోమి ప్రార్థన ఆమెన్ దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.

పావుగంట అయింది. పెట్టె ఆగింది. తుకారాం తన గుడ్డ తనే విప్పుకుని, తీరిగ్గా మడతపెట్టి సలోమి చేతికిచ్చాడు. టోపీ పెట్టుకున్నాడు. గదిలో ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చి ఆర్థర్ దగ్గర ఆగాడు.

“రేపు సుత గిదే టైముకు వస్త డాక్టర్ సాబ్,” అన్నాడు మెల్లగా, “ఠాణాల పట్టి పెట్టిన మూడు రేడియోలల్ల ఒక్కదాంట్ల సుత యూనియన్ ఫౌజ్ యాడిదాంక వచ్చిందో గింత సాఫ్‌గ ఇనబడ్తలేదు.”