గీత పక్కన

"అన్నా, బంతి దగ్గరికి పోతలేవేంది?" బాలకిషన్ మైదానం నడుమ నుంచి అరిచాడు.

"మీ కొత్త కోచ్ పక్కకు జరగమన్నడు కదా, జరిగిన! ఇగ మీరే ఆడుకోండ్రి," అన్నాడు సుదర్శన్.

సూరత్‌లోని ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు తరఫున మూడేళ్లుగా గోల్స్ కొట్టింది సుదర్శనే. తొంభై అయిదులో కోచ్‌గా వచ్చిన దేశాయి సార్ మాత్రం, "నడుమ చోటు ఖాళీ చెయ్యి, అందరూ ఆడాలి," అన్నాడు. సుదర్శన్‌కది అవమానంగా తోచింది. కడోదరా జట్టుతో మ్యాచ్‌లో, ఓడితేనే వీళ్లకు బుద్ధొస్తుందని మైదానం అంచు గీత పక్కన నడుముకు చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

అతనంటే భయపడే కడోదరా డిఫెండర్లు ఇద్దరూ అతని పక్కనే కాపలా నిలబడ్డారు. నడుమ ఎవరూ లేరు. బాలకిషన్ నేరుగా దూసుకెళ్లి గోల్ కొట్టాడు.

"శాబాశ్ సుదర్శన్! నా పద్ధతి నీకొక్కడికే అర్థమైంది!" దేశాయి సార్ హిందీలో కేకేశాడు.

బాలకిషన్ ఏడుస్తూ వచ్చి వాటేసుకున్నాడు. "నాకిది మొదటి గోల్ అన్నా! మా నాయిన సాంచల మీద బట్ట నేసే పని ఇడిశిపెట్టి చూడొచ్చిండు. నా కోసమే గీడ నిలబడ్డవా?"

సుదర్శన్ నడుము మీది చేతులు తీసి అతని వీపు తట్టాడు.

"మరి ఎవని కోసమనుకున్నవ్‌రా?"

ఆట మళ్లీ మొదలైంది. ఆ ఇద్దరు డిఫెండర్లు నడుమకు జరగబోయారు. సుదర్శన్ చెయ్యెత్తి, బంతి తనకే కావాలన్నట్టు అరుస్తూ, గీత వెంట పరుగెత్తాడు.