తాళంలో లోపం

"కొత్త తాళం ఇచ్చేస్తామమ్మా. ఆ ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోండి."

షాపు యజమాని గొంతులో అంత తేనె ఆమె ఇంతవరకూ వినలేదు. ఫోన్ పెట్టేసి, సోఫా ఎక్కి ఒక్క గంతు వేసింది.

"ఏమండీ, గెలిచాం!"

భర్త వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఎవరూ, 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చేసుకున్న మహానుభావుడేనా?"

"అచ్చేసుకుంటే చట్టమైపోతుందా? లోపమున్న వస్తువు అంటగడితే మార్చి ఇవ్వాల్సిందే. వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వెళ్ళేసరికి దిగొచ్చాడు."

"అమ్మో, లాయరమ్మా! నీతో గొడవ పెట్టుకోకూడదు."

"పెళ్ళయిన ఇన్నాళ్ళకా తెలిసింది?"

కొత్త కాపురం, రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరే మనుషులు. పొద్దున్నే ఉద్యోగాలకు వెళితే తిరిగొచ్చేది చీకటి పడ్డాకే. తాళంచెవుల బెడద ఉండదని ముచ్చటపడి వేలిముద్రతో తెరుచుకునే తాళం కొన్నారు. తమ ఇద్దరి బొటనవేళ్ళకు తప్ప బ్రహ్మదేవుడికి కూడా తెరుచుకోదని ఆమె మురిసిపోయింది.

అదేం మాయరోగమో, ఇద్దరూ ఆఫీసుల్లో ఉండగా మధ్యాహ్నం పూట 'తలుపు తెరుచుకుంది' అని ఫోన్లకు సందేశాలు రావడం మొదలైంది. మొదటిసారి ఆమె ఆఫీసు వదిలి ఇంటికి పరిగెత్తింది. తలుపు వేసే ఉంది. లోపల పూచికపుల్ల కూడా పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆఫీసులో కూర్చున్నా ప్రాణం గుమ్మం దగ్గరే ఉండేది. ఇంటికొచ్చాక ఆ చిరాకంతా భర్త మీదే.

"బిస్కెట్లన్నీ మీరే తినేశారా?"

"నేనా? నువ్వే తిని మరిచిపోయుంటావ్. నా దిండు సోఫాలోకి ఎందుకు తెచ్చావో అది చెప్పు ముందు."

"నేనెందుకు తెస్తాను? నిద్రలో మీరే మోసుకొచ్చుంటారు!"

షాపు యజమాని ఫోన్ చేసిన రోజు సాయంత్రానికే తాళం కంపెనీ మెకానిక్ వచ్చాడు. తాళం విప్పి, అటూ ఇటూ తిప్పి, తన ఫోన్‌కు కలిపి చాలాసేపు చూశాడు.

"ఇందులో లోపమేం కనబడట్లేదమ్మా."

ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది. "పట్టపగలు దానంతటదే తెరుచుకుంటుంటే లోపం కాదా? అదేమన్నా మీ కంపెనీ ఇచ్చే ప్రత్యేక సదుపాయమా?"

భర్త గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"నాకెందుకమ్మా, మార్చమన్నారు, మారుస్తాను. పాత వేలిముద్రలన్నీ తీసేశాను. రేపు పొద్దున కొత్తది బిగించి మళ్ళీ ఎక్కిస్తాను."

"అలా రండి దారికి!" ఆమె భర్త అరచేతిలో చప్పుడయ్యేలా కొట్టింది. "రేపు ఇద్దరం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటాం."

మెకానిక్ సంచీ భుజానికి తగిలించుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"ఇద్దరే చాలరమ్మా, ఆ మూడో వేలిముద్ర మనిషి కూడా ఉండాలి."