మడత విప్పని చీటీ

"నోటిమాట సెల్లదమ్మీ. రాసివ్వు."

ఒడిశాలోని ఆ ఊరికి కొత్తగా వచ్చిన కౌన్సిల్ మొదటి మీటింగులో ఎదుటి పార్టీ మెంబరు ఆదిశేషు అన్న మాట అది.

తమ వీధికి నీళ్ల పైపు కావాలని అడగబోయిన కొత్త మెంబరు బుల్లికి ఒళ్లు మండిపోయింది. చీపురు పట్టి బతికినవాళ్ల పిల్ల. నలుగురిలో తన వంకర అక్షరాలు బయటపెట్టించాడని కక్ష పెట్టుకుంది. రాసైతే ఇచ్చింది.

పైపు తీర్మానం ఓటుకొచ్చే రోజుకి ఆమె బిడ్డ కొరాపుట్ ఆసుపత్రిలో కన్ను తెరవకుండా పడుంది.

బుల్లి పార్టీకి ఉన్నదే ఒక్క ఓటు మొగ్గు. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోతుందని రూలు. ఇక పైపు రాదని ఏడ్చింది.

సాయంత్రం చైర్మన్ మనోరంజన్ ఫోన్ చేశాడు.

"ఒక్క ఓటుతో గెలిచాం. ఆదిశేషు రాలేదు."

"మజ్జిగౌరమ్మ తల్లే ఆపేసింది ముసలోణ్ణి!" అని దండం పెట్టుకుంది బుల్లి.

తర్వాతి రెండు మీటింగులకీ బుల్లి వెళ్లలేదు. ఆదిశేషూ వెళ్లలేదట.

పాప కోలుకుంది. బుల్లి తిరిగొచ్చిన రోజే సెలవు చీటీలు బల్ల మీదికొచ్చాయి. సెలవు ఇవ్వకపోతే మూడు మీటింగులకు రానివాళ్ల సీటు పోతుంది.

బుల్లికి రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి.

ఆదిశేషు చీటీ తెలుగులో ఉంది. అక్కడ తెలుగు చదవగలిగింది వాళ్లిద్దరే.

"నువ్వు చదువమ్మా," అని చైర్మన్ బుల్లికిచ్చాడు.

"సదవడానికేటుంది? ఇంట్లో తొంగున్నోడికి సెలవేటి?"

మడత విప్పకుండానే పక్కన పెట్టేసింది.

"పోనీ, మీరే చెప్పండి," అన్నాడు చైర్మన్.

"రాసిచ్చేను గదా బాబూ. నోటిమాట సెల్లదు," అన్నాడు ఆదిశేషు.

సెలవు వద్దని బుల్లి చెయ్యెత్తింది. ఆమె వెనకే పార్టీ అంతా ఎత్తింది. ఆదిశేషు సీటు పోయింది.

వెళ్లిపోతూ ఆయన ఆమె దగ్గర ఆగాడు.

"పాపకి బాగుందా అమ్మీ?"

మొహం తిప్పుకుంది.

సొంత పార్టీ వాళ్లు కూడా ఆయన్ని అమ్ముడుపోయాడన్నారు. ఎవరూ గుమ్మం తొక్కలేదు.

బుల్లి వీధిలో నీళ్లు పడిన వారానికే ఆదిశేషు పోయాడు.

కౌన్సిల్లో సంతాప తీర్మానమైనా రాసే పెట్టాలి కదా. ఆయన వివరాల కోసం బుల్లి ఫైలు తిరగేస్తుంటే ఆ చీటీ బయటపడింది, ఆ మడతతోనే. ఈసారి విప్పింది.

"బుల్లి గారు బిడ్డతో ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె ఓటు లేని చోట నా ఓటు ఉండటం న్యాయం కాదు గనుక, ఆమె తిరిగొచ్చేదాకా నాకూ సెలవు ఇప్పించగలరు."